కొండ కాలిదారి మీద సైకిలు: దిగి నడవాలా, తొక్కుతూ పోవాలా?

ఘాటీ గేరు (పర్లాకిమిడి):

పోయిన ఆదివారం మేము నలుగురం తెల్లవారకముందే సైకిళ్లను వ్యానులో వేసుకొని మహేంద్రగిరి దిగువకు చేరుకున్నాము. పైకి పోయే జీపు రోడ్డు మీద మధ్యాహ్నం దాకా ఎక్కి, దిగేటప్పుడు మాత్రం రోడ్డు వదిలి అడవిలోని కాలిదారి పట్టాము. ఎక్కుడు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. చిన్న గేరు వేసుకొని, రొప్పుతూ తొక్కడమే. అసలు రోజంతా దిగుడులోనే ఉంది. టైర్లలో గాలి కొంత తగ్గించి, సీటు కిందికి దించి, పెడళ్ల మీద నిలబడి, ఒంటి బరువును వెనక్కి వేసి, ఒక్కొక్క వేలితో బ్రేకులను మీటుతూ గుగ్గిలం చెట్ల నడుమ దిగుతుంటే చక్రాల కింద ఎండుటాకుల చప్పుడు తప్ప మరేమీ వినబడదు.

ఆ నిశ్శబ్దమే తంటా తెచ్చింది. ఒక మలుపు తిరిగేసరికి సంత నుంచి ఇంటికి వస్తున్న సవర తెగ ముసలామె ఎదురైంది. ఆమె తలమీద బియ్యం సంచి, చేతిలో నూనె సీసా ఉన్నాయి. నేను బ్రేకు వేసేలోగానే ఆమె పక్కనున్న చిట్టీత పొదలోకి తప్పుకొని, మేము నలుగురం పోయేదాకా సంచి దించకుండా అక్కడే నిలబడింది. ఒక్క మాట కూడా అనలేదు. కిందికి వచ్చిన తరువాత మాలో మాకే వాదం పుట్టింది. గంట కొట్టుకుంటూ పోతే చాలునని ఇద్దరు, మనుషులు నడిచే దారిలో సైకిలు ఎక్కకూడదని ఒకరు అన్నారు. నేను ఇంకా ఎటూ తేల్చుకోలేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

బరంపురం పెడలు:

ఆ ఒక్క సంఘటనను పట్టుకొని కాలిదారులన్నీ వదులుకోవాలనడం న్యాయం కాదు. సైకిళ్ల వల్ల దారి పాడవుతుందన్న వాదన చాలా పాతది. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కొండల్లో కుర్రవాళ్లు పాత సైకిళ్లతో మట్టిదారుల్లో దిగడం మొదలుపెట్టిన కొన్నాళ్లకే అది కూడా మొదలైంది. అక్కడ 1976లో పెట్టిన పందేనికి 'రీప్యాక్' అని పేరు; ఒక్కసారి దిగేసరికి వెనుక చక్రంలోని బ్రేకు వేడికి గ్రీజు కాలిపోయి, మళ్లీ గ్రీజు కూరవలసి వచ్చేది కనుక ఆ పేరు వచ్చింది. దారి కోతను కొలిచి చూసిన వారు కూడా ఉన్నారు. మోంటానాలో చేసి 1994లో ప్రచురించిన ఒక పరిశోధనలో, తడిపిన దారి మీద చక్రాల కంటే గుర్రపు డెక్కలూ మనుషుల పాదాలే ఎక్కువ మట్టిని కదిలించాయని తేలింది. మన దారుల్లో రోజూ పశువులు నడుస్తాయి, శివరాత్రికి జనం విరగబడి కొండెక్కుతారు. వారందరినీ వదిలి నాలుగు సైకిళ్ల మీద పడడం ఎందుకు?

పాత బడిపంతులు (గుణుపురం):

బరంపురం వారు చెప్పిన పరిశోధనతో నాకు పేచీ లేదు. అయితే అక్కడ కొలిచింది కదిలిన మట్టిని. మన కొండలో చూడవలసింది ఆ మట్టి కదిలిన తరువాత నీరు ఎటు పోతుందన్నది. పాదం పడినచోట గుంట పడి, అందులో నీరు నిలిచి ఇంకుతుంది. వెనుక చక్రం బిగుసుకొని జారినచోట మాత్రం ఎడతెగని గాడి పడుతుంది, మొదటి వానకే ఆ గాడి చిన్న గెడ్డగా, అంటే వాగుగా, మారుతుంది. నిటారుగా దిగే ఎర్రమట్టి దారిలో ఆ గాడి ఒక వానాకాలంలోనే మోకాటిలోతు కావడం నేను కొండబడిలో పనిచేసిన రోజుల్లో చూశాను. ఆ గాడి వేసినది సైకిలు కాదు, కలప ఈడ్చిన దుంగ. నీటికి ఆ తేడా తెలియదు.

ఇంకొక సంగతి. సవరలు కొండవాలును మెట్లు మెట్లుగా మలిచి, సున్నం లేకుండా వట్టి రాళ్లు పేర్చి గట్లు కట్టి, వాటి వెనుక వరి పండిస్తారు. చాలాచోట్ల కాలిదారి ఆ గట్ల మీదుగానే పోతుంది. మనిషి అడుగు నింపాదిగా రాయి నడుమ పడుతుంది. సైకిలు దూకుతూ దిగితే ఆ బరువంతా ఒక్కసారిగా రాయి అంచు మీద పడుతుంది. ఒక్క రాయి కదిలితే ఆ మడిలోని నీరు కింది మడిలోకి పోతుంది, అక్కడి నుంచి ఆ కిందిదానిలోకి పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాలో కొండచరియలను విరిచి ఎందరి ప్రాణాలు తీసిందో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు.

చట్టం కూడా చూడండి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిని, నీటి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. మహేంద్రగిరిని 2022లో ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. అమెరికాలో సైతం జాతీయ అటవీ భూముల్లో 'వైల్డర్నెస్' అని గుర్తించిన భాగాలలోకి 1984 నుంచి సైకిలుకు ప్రవేశం లేదు. మారిన్ కొండల ముచ్చట చెప్పినవారు ఇది కూడా చెప్పి ఉండవలసింది.

గెడ్డ ఒడ్డు (కాశీనగరం):

గాడి సంగతి, గట్టు సంగతి సరే గాని, ఎలుగుబంటిని ఎవరూ తలవలేదు. నడిచేవాడి అడుగుల చప్పుడు దూరం నుంచే దానికి వినబడుతుంది, అది తప్పుకొని పోతుంది. గాలివాటం ఎదురుగా ఉండగా చప్పుడు లేని సైకిలు దాని ముందుకే పోయి ఆగితే అది తప్పుకోదు, మీద పడుతుంది. జీడిమామిడి పండ్ల కాలంలో, ఇప్పపూల కాలంలో తెల్లవారుజామున, సందెవేళ ఆ దారుల్లో సైకిలు తొక్కడం నా దృష్టిలో సాహసం కాదు, తెలివితక్కువతనం.

బరంపురం పెడలు:

మాస్టారూ, గట్టు మీద తొక్కకూడదన్నది ఒప్పుకుంటాను. వానాకాలంలో వద్దన్నా ఒప్పుకుంటాను. కాని అన్నిచోట్లా దిగి నడవమంటే అది సైకిలు రోజు కాదు, సైకిలును మోసిన రోజు. కాలిదారి పూర్తిగా వద్దంటే ఈ కొండల్లో మాకు మిగిలేది జీపు రోడ్డే. ఆ రోడ్డు మీద మోటారు సైకిళ్ల పొగ పీల్చడానికి మేము బరంపురం నుంచి రానక్కరలేదు.

పాత బడిపంతులు (గుణుపురం):

బాబూ, పూర్తిగా వద్దని నేను అనలేదు. ఎవరి దారో వారిని అడిగారా అన్నదే నా ప్రశ్న. ఇన్ని మాటలు రాసుకున్నాము గాని, ఆ ముసలామె ఊరివారి మాట ఇందులో ఒక్కటీ లేదు.

ఘాటీ గేరు (పర్లాకిమిడి):

మాస్టారి మాట మనసులో నాటుకొని, నిన్న సైకిళ్లు లేకుండా నేనూ మరొకరమూ ఆ ఊరికి నడిచి వెళ్లాము. నాకు సవర భాష రాదు, ఊరి పెద్దకు తెలుగు కొంత వచ్చు, మిగతాది ఒడియాలో గడిచింది. ఇంగ్లాండులో 1968 నాటి చట్టం గుర్రపుదారుల్లో సైకిలును అనుమతిస్తూనే, నడిచేవారికీ గుర్రపువారికీ సైకిలువాడే దారి ఇవ్వాలని కట్టడి చేసిందని, అటువంటిదేదైనా ఇక్కడ కుదురుతుందేమో అడగాలని అనుకుంటూ పోయాను. ఆయనకు ఆ చట్టంతో పని పడలేదు. మేము నోరు తెరవకముందే సంతరోజున సైకిలు రాకూడదన్నాడు. మళ్ల గట్ల దగ్గర సైకిలును భుజానికెత్తుకొని దాటాలన్నాడు, దొర్లించినా ఊరుకోనన్నాడు. వాన పడినన్నాళ్లూ ఎవరూ రాకూడదు. మిగిలిన రోజుల్లో, గట్లకు పైనుంచి చింతచెట్ల పక్కగా పోయే పాత బండిదారి ఉందని తానే వెంట వచ్చి చూపించాడు. వెడల్పుగా ఉంది, కొంత పొద పెరిగింది, సైకిలుకు కాలిదారి కంటే అదే బాగుంది. ఆరేళ్లుగా ఆ పక్కకే పోతూ మేము దానిని చూడనేలేదు.

గంట విషయంలో మాత్రం ఆయన మమ్మల్ని చూసి నవ్వాడు. వేలితో కొట్టే గంట మనిషి కనబడిన తరువాతే మోగుతుంది కదా, దానితో ఏమి లాభం అన్నాడు. సైకిలు కదిలినంతసేపూ మోగేలా ఆవు మెడలో కట్టే గంట హ్యాండిలుకు కట్టమన్నాడు. మనుషులైనా ఎలుగైనా దానికి తప్పుకుంటారట. వచ్చేటప్పుడు సంతలో రెండు కొన్నాము. దీపావళి దాటి దారి ఆరిన తరువాత మొదటి ఆదివారం బండిదారిన పోదామనుకుంటున్నాము. బరంపురం వారు ఎందరు వస్తారో చెబితే అన్ని గంటలు కొని ఉంచుతాను.