పై క్రస్ట్‌కి చల్లటి వెన్నా, కాచిన నెయ్యా? మా ఇంట్లో తెగని పంచాయితీ

మాగుంట లేఅవుట్ కోడలు, నెల్లూరు:
మా ఆడబిడ్డ పొదలకూరు నుంచి బుట్టెడు నిమ్మకాయలు పంపింది. ఊరగాయ పెట్టగా మిగిలినవాటితో లెమన్ పై చేద్దామని దిగాను. పై ఎప్పుడూ చూడనివాళ్ళకి చెప్తున్నా: మైదా, వెన్న కలిపి పళ్ళెంలాంటి పెంకు చేసి, ఓవెన్‌లో కాల్చి, లోపల పళ్ళో క్రీమో నింపుతారు. ఆ పెంకే క్రస్ట్. 300 గ్రాముల మైదాకి 200 వెన్న, 100 ఐసు నీళ్ళు అన్నారు. వెన్న బఠాణీ గింజంత ముక్కలుగా ఉండగానే కలపడం ఆపాలట. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు! నా వేళ్ళు తగిలీ తగలకముందే వెన్న కరిగి పిండంతా జిడ్డు జిడ్డు. ఓవెన్‌లో పెట్టాక అంచులు జారి టిన్ను అడుగున కుప్పబడ్డాయి.
మా అత్తయ్య చూసి, "కజ్జికాయల పిండికి పోసినట్టు నెయ్యి కాచి పోసుంటే అయిపోయేది గదా, ఈ ఐసు గడ్డల యాగీ ఏంది?" అన్నారు. రెండు రోజులుగా ఇదే వాదన. ఎవరిది రైటో చెప్పండి.

కనిగిరి పిండివంటలు:
మీ అత్తగారిదే. మైదాలో మరిగే నెయ్యి పోసి రెండు అరచేతులా రుద్దాలి. గుప్పిట బిగిస్తే ముద్ద నిలవాలి, వేలితో నొక్కితే విరగాలి. మా ఇంట్లో మూడు తరాలుగా ఇంతే, ఎప్పుడూ టెన్షన్ పడలేదు. ఇంగ్లండులోనూ పంది మాంసం పైలకి కొవ్వునీ నీళ్ళనీ కలిపి మరిగించాకే పిండిలో పోస్తారు. వేడి తగలకూడదని ఎవరన్నారు?

ఓటీజీ పిచ్చోడు, ఒంగోలు:
అమ్మా, గుల్ల వేరు, పొర వేరు. కాచిన నెయ్యి పిండి రవ్వరవ్వకీ పట్టేస్తుంది. తర్వాత నీళ్ళు చల్లినా లోపలికి సరిగా ఇంకవు, గ్లూటెన్ జిగురు సాగదు. కజ్జికాయ నోట్లో పొడిపొడి అవుతుందంటే కారణం అదే. పై క్రస్ట్‌లో వెన్న ముక్కలు ముక్కలుగానే ఉండిపోవాలి. వెన్నలో 80 శాతం కొవ్వు, మిగతాది చాలావరకు నీళ్ళే. 200 డిగ్రీల వేడికి ఆ నీళ్ళు ఆవిరై పిండిని పైకి లేపుతాయి, కొవ్వు కరిగిన చోట సందు మిగులుతుంది. అదే పొర. నెయ్యి కాచినప్పుడే నీళ్ళు పోయాయి, ఇక ఆవిరి ఎక్కడినుంచి వస్తుంది? మడత కాజాకి పొరలు లేవా అంటారేమో. అవి చేత్తో మడిచి తెచ్చుకున్న పొరలు, వాటంతట అవి రాలేదు.
అక్కా, మీ తప్పల్లా టైముది. 32 నుంచి 35 డిగ్రీల మధ్య వెన్న పూర్తిగా కరిగిపోతుంది. మేలో మన వంటిళ్ళే అంతకన్నా వేడి! ముందురాత్రే మైదా, గిన్నె, అప్పడాల కర్ర ఫ్రిజ్‌లో పెట్టి తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టండి. వెన్న గట్టిగా గడ్డకట్టించి తురుముపీట మీద తురిమితే వేళ్ళ వేడి తగలదు. పిండి గంటసేపు ఫ్రిజ్‌లో ఉండాలి, టిన్నులో పరిచాక ఇంకో అరగంట. అంచు జారకుండా బటర్ పేపరు వేసి పచ్చి శనగలు నిండా పోసి 20 నిమిషాలు కాల్చండి. తర్వాత అవి తీసేసి అడుగు రంగు తిరిగేదాకా ఉంచండి. ఆ శనగలు ఇక వంటకి పనికిరావు, డబ్బాలో దాచి మళ్ళీ బరువుకే వాడుకోండి.

కావలి బేకరీ మాజీ:
ఇద్దరూ ఎందుకు కొట్టుకుంటారు? వనస్పతి వాడండి. ఎండకి త్వరగా లొంగదు, ధరా తక్కువ.

ఓటీజీ పిచ్చోడు, ఒంగోలు:
లొంగకపోవడమే దాని తంటా అన్నా. నోట్లోనూ తొందరగా కరగదు, అంగిలికి పట్టుకుంటుంది. గుండెకి చేటు చేసే ట్రాన్స్ ఫ్యాట్ అనే కొవ్వు 2 శాతం దాటకూడదని 2022 నుంచి రూలుంది, ఆ భయం కొంత తగ్గింది. రుచి సంగతేంటి మరి?

కనిగిరి పిండివంటలు:
అబ్బాయ్, నీ ఆవిరి లెక్క ఒప్పుకుంటా. ఒక్కటి చెప్పు. నిమ్మ క్రీము తడి సరుకు. పొరలున్న పెంకులో పోస్తే సందుల్లోకి దిగి సాయంత్రానికి మెత్తబడదా? గుల్ల పెంకు అంత త్వరగా తడి పీల్చదు.

ఓటీజీ పిచ్చోడు, ఒంగోలు:
ఇక్కడ నేను తగ్గాలి. తడి ఎక్కువుండే పైకి అడుగు పెంకు గుల్లగా, మూత పెంకు పొరలుగా చేసే బేకర్లున్నారు. లెమన్ పైకి మూతే ఉండదు. నెయ్యితో చేస్తే మాత్రం కొలత తగ్గించండి, 200 వెన్నకి 160 నెయ్యి సరి. కర్రతో ఒత్తితే విరుగుతుంది, వేళ్ళతోనే టిన్నుకి అదమాలి.

మాగుంట లేఅవుట్ కోడలు, నెల్లూరు:
ఆదివారం రెండూ చేశాం. అత్తయ్య నెయ్యి పెంకు అంచు నిట్టనిలువుగా నిలబడింది. కత్తి పెడితే మాత్రం పొడిపొడిగా రాలింది, స్పూనుతో తిన్నాం. నాది తెల్లవారుజామునే కలిపాను, ఈసారి జారలేదు. అంచు విరిచి చూస్తే పల్చటి రేకులు, పుస్తకం పేజీల్లా. పొద్దున పదింటికి అందరి ఓటూ నాకే. రాత్రి ఎనిమిదింటికి మిగిలిన ముక్కలు తీస్తే నా అడుగు తడిసి చపాతీలా సాగింది, అత్తయ్యది ఇంకా కరకరలాడుతోంది. ఆవిడ ఏమీ అనలేదు, ఇంకో ముక్క వేసుకున్నారు.
గొడవ ఇప్పుడు శనగలకి మారింది. డబ్బాలో దాచినవి మామయ్య చూసుకోకుండా గుగ్గిళ్ళకి నానబెట్టేశారు. ఎనిమిది విజిళ్ళయ్యాయి, ఇంకా రాళ్ళే.