న్యూయార్క్ "సుప్రీంకోర్టు"ను తెలుగులో ఏమని రాయాలి?

కాలువగట్టు: అందరికీ నమస్కారం. బెంజమిన్ కార్డోజో అనే అమెరికా జడ్జి జీవితం మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తూ మొదటి పేరాలోనే ఆగిపోయాను. ఆయన 1913 ఎన్నికల్లో న్యూయార్క్ రాష్ట్ర సుప్రీంకోర్టుకు గెలిచి, 1914 జనవరిలో చేరారు. నెల రోజులకే గవర్నరు ఆయన్ని "కోర్ట్ ఆఫ్ అపీల్స్"లో కూర్చోమన్నారు. దీన్ని "సర్వోన్నత న్యాయస్థానం నుంచి అప్పీళ్ల కోర్టుకు పంపారు" అని రాస్తే, పాపం ఏదో తప్పు చేసి కిందికి దిగిపోయారనుకుంటారు చదివేవాళ్లు. నిజానికి ఆయన పైకెక్కారు. న్యూయార్క్‌లో సుప్రీంకోర్టు అంటే కేసు మొదట వేసే చోటు. సాక్షులు, జ్యూరీ అంతా అక్కడే. దాని మీద అపిలేట్ డివిజన్, అన్నిటికీ పైన కోర్ట్ ఆఫ్ అపీల్స్. ఏ మాట వాడమంటారు?

తెనాలి పిల్ల: ఈ మాటతో మా ఇంట్లో పెద్ద గొడవే అయిందండీ. మా పిన్ని కూతురు న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉంటుంది. విడాకులకు వేసింది. కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపితే, పైన పెద్దక్షరాల్లో "సుప్రీం కోర్ట్ ఆఫ్ ది స్టేట్ ఆఫ్ న్యూయార్క్" అని ఉంది. అది చూసి పిన్ని ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "సుప్రీంకోర్టు దాకా పోయేంత వరకు మాకు చెప్పలేదా" అని ఒకటే ఏడుపు. ఆ రాష్ట్రంలో విడాకులు ఇచ్చేది ఆ కోర్టు ఒక్కటేనని, రాజీగా విడిపోయేవాళ్లూ అక్కడికే వెళ్లాలని మా చెల్లెలు ఫోన్లో గంటసేపు చెప్పాల్సి వచ్చింది. మన దగ్గర "సుప్రీంకోర్టు దాకా వెళ్తా" అన్నారంటే ఇక ఆ పైన మాట లేదు కదా. దయచేసి ఉత్తినే "సుప్రీంకోర్టు" అని రాసి వదిలేయకండి.

పాత నిఘంటువు: పేరు వెనక కథ ఉంది. 1691లో, బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు, అక్కడ పెట్టిన కోర్టుకు సుప్రీం అని పేరు. 1846 రాజ్యాంగంతో దాని నెత్తిన కోర్ట్ ఆఫ్ అపీల్స్ వచ్చి కూర్చుంది. కింది కోర్టు పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. మనకూ ఇలాంటిది జరిగింది. మద్రాసులో 1801 నుంచి సుప్రీంకోర్టు ఉండేది, దాని మీద లండన్‌లో ప్రివీ కౌన్సిల్. 1862లో ఆ స్థానంలో హైకోర్టు వచ్చింది. అంతెందుకు, "మునసబు" అన్న మాటకు మూలం న్యాయం తీర్చేవాడు అనే అరబ్బీ మాట. ఊళ్లో ఆయన ఎక్కువగా చేసింది శిస్తు వసూలు. మునసబును "న్యాయాధికారి" అని ఎవరైనా అనువదిస్తే ఒప్పుకుంటామా? నా మటుకు "సర్వోన్నత" వద్దు. ఆ మాటలో సందు లేదు, అన్నిటికన్నా పైది అనే తప్ప ఇంకో అర్థం రాదు. "సుప్రీం" అన్నది పేరు, పేరులాగే ఉంచండి.

బెంచ్ క్లర్కు: ఇంకో మెలిక ఉంది, జాగ్రత్త. అక్కడ ఆ కింది కోర్టులో కూర్చునేవారిని "జస్టిస్" అంటారు. పై కోర్టులో "జడ్జ్", పెద్దాయన "చీఫ్ జడ్జ్". మన పేపర్లలో జస్టిస్ అన్న మాట హైకోర్టు నుంచే మొదలవుతుంది, జిల్లాలో ఉన్నవారు జడ్జిగారే. అంటే లెక్క తలకిందులు. ఉన్నదున్నట్టు దించితే కార్డోజో "జస్టిస్" హోదా పోగొట్టుకుని "జడ్జి" అయినట్టుంటుంది. రెండు చోట్లా "న్యాయమూర్తి" అనండి, సరిపోతుంది. "న్యాయాధిపతి" కూడా మంచి మాటే గానీ, నాకైతే అది వినగానే బైబిల్లోని న్యాయాధిపతుల గ్రంథమే గుర్తొస్తుంది.

కాలువగట్టు: అందరికీ ధన్యవాదాలు. "సుప్రీంకోర్టు" పేరు తీసేయడం నాకూ ఇష్టం లేదు. కారణం ఆయన తండ్రి. ఆల్బర్ట్ కార్డోజో కూడా ఆ కోర్టులోనే న్యాయమూర్తి. అవినీతి ఆరోపణలు మెడకు చుట్టుకుని 1872లో రాజీనామా చేశారు. అప్పటికి కొడుక్కి రెండేళ్లు. నలభై ఏళ్ల తర్వాత ఆ కొడుకు ఆ గుమ్మమే తొక్కాడు. అక్కడ కోర్టు పేరు మారిస్తే ఈ సంగతి చదివేవాళ్లకు తగలదు.

రాస్తుంటే ఇంకొకటి తోచింది. రాష్ట్ర సుప్రీంకోర్టులో ఆయన కూర్చున్నది ఒక్క నెల. 1932లో వాషింగ్టన్‌లోని దేశ సుప్రీంకోర్టుకు వెళ్లి, 1938లో పోయేదాకా ఉన్నది ఆరేళ్లు. మధ్యలో పద్దెనిమిదేళ్లు గడిపింది పేరులో సుప్రీం లేని కోర్టులో. ఆయన్ని ఈనాటికీ లా కాలేజీల్లో చదువుతున్నారంటే ఎక్కువగా అక్కడి తీర్పుల వల్లే. 1916 నాటి బ్యూక్ కారు కేసు చూడండి. చక్రం చెక్క ఆకులు విరిగి, కారు కూలి, మాక్‌ఫర్సన్ అనే ఆయన దెబ్బలు తిన్నాడు. చక్రం వేరే కంపెనీది, కారు అమ్మింది డీలరు. కొన్నవాడితో మాకు ఒప్పందమే లేదని బ్యూక్ వాదన. తయారీలో అజాగ్రత్త ఉంటే మనిషికి ప్రమాదమయ్యే వస్తువు చేసినప్పుడు, డీలరు దాటి వాడేవాడి వరకు తయారీదారు బాధ్యత ఉంటుందని కార్డోజో తీర్పు రాశారు.

సరే, మొదటి పేరా ఇలా మార్చాను: "కార్డోజో 1914లో న్యూయార్క్ సుప్రీంకోర్టులో న్యాయమూర్తిగా చేరారు. పేరుకు సుప్రీం అయినా అది మన జిల్లా కోర్టులా విచారణ జరిపే కోర్టు. ఒకప్పుడు ఆయన తండ్రి రాజీనామా చేసి వెళ్లిన కోర్టు. నెల తర్వాత ఆ రాష్ట్రంలో అన్నిటికన్నా పైదైన కోర్ట్ ఆఫ్ అపీల్స్‌కు వెళ్లారు."

తెనాలి పిల్ల: ఇది ఫోన్లో పిన్నికి చదివి వినిపించాను. "జిల్లా కోర్టా! ఆ ముక్క ఆ రోజే చెప్పొచ్చు కదే" అంది.