ప్లెడ్జ్‌కి లేవనంటున్న మా అబ్బాయి: స్కూలు బలవంతం చేయొచ్చా? మా గ్రీన్‌కార్డుకు ఇబ్బందా?

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్తే. మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. మా అబ్బాయి తొమ్మిదో తరగతి, పబ్లిక్ స్కూలు. వాడు ఇక్కడే పుట్టాడు కాబట్టి అమెరికా పౌరుడు. మేమిద్దరం మాత్రం ఇంకా హెచ్-1బీ ఉద్యోగ వీసా మీదే ఉన్నాం. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఎప్పుడో అయిపోయింది, ప్రయారిటీ డేట్ కోసం, అంటే క్యూలో మా వంతు కోసం ఎదురుచూస్తున్నాం.

ఈ మధ్య వాడు పొద్దున క్లాసులో ప్లెడ్జ్ (అమెరికా జెండాకి విధేయత చెప్పే ప్రతిజ్ఞ) చెప్పేటప్పుడు లేవకుండా కూర్చుంటున్నాడు. గొడవేమీ చేయడు, ఫోన్ చూడడు, ఊరికే కూర్చుంటాడు. ఎందుకురా అని అడిగితే, “చివర్లో అందరికీ స్వేచ్ఛ, న్యాయం అని ఉంటుందమ్మా. మా ఫ్రెండ్ వాళ్ల నాన్నని ఇమిగ్రేషన్ వాళ్లు తీసుకెళ్లారు. ఆ మాట నేనెలా చెప్పను?” అన్నాడు. టీచర్ వాణ్ని బయటికి పిలిచి, కనీసం లేచి నిలబడాలని, లేకపోతే ఆఫీసుకు పంపిస్తానని అన్నారట.

మా ఆయన “రెండు ముక్కలు చెప్పేస్తే పోయేదేముంది” అంటున్నారు. మా అత్తయ్య ఇక్కడే ఉన్నారు. “అన్నం పెడుతున్న దేశం జెండాకి లేవకపోవడమేంటి” అని ఆవిడ బాధ. నాకేమో వాడు చెప్పేది తప్పని అనాలనిపించట్లేదు, కానీ టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. స్కూలు వాణ్ని శిక్షించవచ్చా? మేం ఏం చేయాలి? రేపు మా ఐ-485 (గ్రీన్‌కార్డు అప్లికేషన్) వేసేటప్పుడు ఇది అడ్డమవుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (ప్లానో సభ్యుడు)

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు ఎనభై ఏళ్ల కిందటే వచ్చేసింది. పబ్లిక్ స్కూలు ఏ విద్యార్థి చేతా బలవంతంగా ప్లెడ్జ్ చెప్పించకూడదు.

కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే టీచర్‌తో మాట్లాడేటప్పుడు ఇది మీకు ధైర్యాన్నిస్తుంది. జెహోవా సాక్షుల మతంవాళ్లు దేవుడికి తప్ప దేనికీ వందనం చేయరు. పెన్సిల్వేనియాలో వాళ్ల పిల్లల్ని స్కూలు నుంచి తీసేస్తే 1940లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో స్కూలు వైపే నిలిచింది. ఐరోపాలో యుద్ధం నడుస్తున్న కాలం. దేశమంతా ఒక్కటిగా ఉండాలంటే జెండా వందనం అవసరమని జడ్జీలు అనుకున్నారు. ఆ తీర్పు తర్వాత ఊళ్లలో ఆ మతస్థుల మీద మూకదాడులు జరిగాయి. మెయిన్ రాష్ట్రంలో కెన్నెబంక్ అనే ఊళ్లో వాళ్ల ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టారు. దేశభక్తి పేరుతో మొదలైంది ఎక్కడిదాకా వెళ్లిందో జడ్జీలు కూడా చూశారు. మూడేళ్లు తిరక్కుండానే వెస్ట్ వర్జీనియా నుంచి బార్నెట్ కేసు వస్తే, అంతకుముందు స్కూలుకు ఓటేసిన ముగ్గురు జడ్జీలు మనసు మార్చుకున్నారు. 1943 జూన్ 14న, సరిగ్గా జెండా దినోత్సవం రోజున, 6-3తో తీర్పు తిరగబడింది. రాసింది జస్టిస్ రాబర్ట్ జాక్సన్. రాజకీయాల్లో, దేశభక్తిలో, మతంలో ఏది సరైన నమ్మకమో ఏ అధికారీ నిర్ణయించలేడని, దాన్ని నోటితో ఒప్పించలేడని ఆయన రాశారు. అప్పుడు అమెరికా స్వయంగా యుద్ధంలో ఉంది, సైనికులు రోజూ చనిపోతున్నారు. అలాంటి సమయంలో ఇచ్చిన తీర్పది. అందుకే ఆ తీర్పంటే నాకు అంత గౌరవం.

నిలబడమని బలవంతం చేయడం కూడా కుదరదని ఫెడరల్ కోర్టులు 1970ల నుంచే చెబుతున్నాయి. కాబట్టి ‘కనీసం లేచి నిలబడాలి’ అన్న మాట చెల్లదు.

ఇక టెక్సస్ సంగతి. ఇక్కడి చట్టం ప్రకారం స్కూళ్లలో రోజూ అమెరికా జెండాకి, టెక్సస్ జెండాకి ప్లెడ్జ్ చెప్పించాలి, ఆ తర్వాత ఒక నిమిషం మౌనం. తల్లిగానీ తండ్రిగానీ రాతపూర్వకంగా కోరితే ప్లెడ్జ్ నుంచి మినహాయించాలని అదే చట్టంలో ఉంది. కారణం రాయనక్కర్లేదు. ఆ లేఖ ఇవ్వడమే మీరు చేయాల్సిన పని. లేఖ లేకుండా పిల్లవాడికి సొంతంగా హక్కు ఉందా లేదా అన్నది లాయర్లు వాదించుకునే విషయం. ఫ్లోరిడాలో ఇలాంటి నిబంధననే 2008లో పైకోర్టు సమర్థించింది. మీరు ఆ వాదనలోకి దిగకుండా లేఖ ఇచ్చేయండి.

లేఖ ఉన్నా కొందరు టీచర్లు వదలరు. హ్యూస్టన్ దగ్గర ఒక హైస్కూల్లో టీచర్ ప్లెడ్జ్‌ని కాగితం మీద రాయమని పిల్లలందరికీ పని ఇచ్చాడు. మినహాయింపు ఉన్న అమ్మాయి రాయకపోతే సున్నా వేశాడు. కేసు 2017లో వేశారు. టీచర్ మీద విచారణ జరగాల్సిందేనని ఫిఫ్త్ సర్క్యూట్ (టెక్సస్ కేసులు చూసే ఫెడరల్ అప్పీల్ కోర్టు) 2021లో చెప్పింది. ఆ మరుసటి ఏడాది 90,000 డాలర్లకు రాజీ కుదిరింది. ఈ సంగతి మీ స్కూలు డిస్ట్రిక్టు లాయర్‌కు తెలియకుండా ఉండదు.

జవాబు (అర్వింగ్‌లో హైస్కూల్ టీచర్)

నేను టీచర్‌ని కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. చాలామంది టీచర్లకు ఈ నిబంధన పూర్తిగా తెలియదు, ముఖ్యంగా కొత్తవాళ్లకి. కాబట్టి మొదటి ఈమెయిల్ కోపంగా రాయకండి. అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌కి రాసి, కౌన్సెలర్‌కి, క్లాస్ టీచర్‌కి కాపీ పెట్టండి. నాలుగు వాక్యాలు చాలు: అబ్బాయి పేరు, తరగతి, మీరు తల్లిదండ్రులని, రెండు జెండాల ప్లెడ్జ్‌ల నుంచీ, నిలబడటం నుంచీ మినహాయించమని టెక్సస్ ఎడ్యుకేషన్ కోడ్ సెక్షన్ 25.082 కింద కోరుతున్నారని. లేఖ అందినట్టు జవాబివ్వమని. రెండు ప్లెడ్జ్‌లూ రాయడం మర్చిపోకండి. ఒకటే రాస్తే రెండో దాని దగ్గర మళ్లీ పేచీ వస్తుంది. ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు, రాతలో ఉండాలి.

బాబుకి కూడా ఒక మాట. ప్లెడ్జ్‌కి కూర్చోవచ్చు గానీ చెప్పేవాళ్లకు అడ్డం రాకూడదు. నవ్వడం, పక్కవాడితో మాట్లాడటం, ఏదైనా అరవడం చేస్తే అప్పుడు శిక్ష ప్లెడ్జ్ గురించి కాదు, క్లాసు చెడగొట్టినందుకు అవుతుంది. ఆ తర్వాతి మౌన నిమిషానికి మినహాయింపు ఉండదు, నిశ్శబ్దంగా ఉంటే చాలు. టీచర్ మళ్లీ బయటికి పిలిస్తే వాదించకుండా “మా అమ్మ లేఖ ఆఫీసులో ఉంది మేడమ్” అని చెప్పమనండి. తేదీ, ఎవరు ఏమన్నారు, అప్పుడు ఎవరున్నారు, ఇవి ఆ సాయంత్రమే రాసి పెట్టుకోండి.

ప్రైవేటు స్కూలైతే ఇదేదీ వర్తించదు. వాక్ స్వాతంత్ర్యాన్నిచ్చే అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది, ప్రైవేటువాళ్లని కాదు. 2016లో జాతీయ గీతం వస్తున్నప్పుడు మోకాలి మీద కూర్చున్న ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్‌ని 2017 నుంచి ఏ జట్టూ తీసుకోకపోతే, మొదటి సవరణ ఆయనకు పనికిరాలేదు. మన ఆఫీసులకీ ఇదే లెక్క.

జవాబు (హ్యూస్టన్ సభ్యుడు)

నా అభిప్రాయం వేరు, చెప్పనివ్వండి. హక్కు ఉందని ఒప్పుకుంటాను. కానీ నేను ఈ దేశ పౌరసత్వం తీసుకున్న రోజు చెయ్యెత్తి ప్రమాణం చేశాను, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ జెండా కింద ప్రాణాలిచ్చిన వాళ్లున్నారు. ప్రభుత్వం మీద కోపం ఉంటే ప్రభుత్వాన్ని అనండి, సెనేటర్‌కి ఉత్తరం రాయండి. జెండా ఏం చేసింది? మన ఇండియాలో 1971 చట్టం కింద జెండాను అవమానిస్తే మూడేళ్ల దాకా జైలు. ఇక్కడ మరీ వదిలేశారని నాకనిపిస్తుంది. ఆ పెద్దావిడ బాధ నాకు అర్థమవుతుంది.

జవాబు (ప్లానో సభ్యుడు)

అన్నా, మీ ప్రమాణం మీద నాకు గౌరవమే. కానీ అది మీరు కోరుకుని చేసింది. ఈ పిల్లాడిని అడక్కుండా చెప్పిస్తున్నారు.

జెండా విషయం అన్నారు కాబట్టి చెబుతాను. ఆ ప్రశ్న మన డాలస్‌లోనే తేలింది. 1984లో రిపబ్లికన్ పార్టీ మహాసభ ఇక్కడ జరిగినప్పుడు, రీగన్ ప్రభుత్వానికి నిరసనగా గ్రెగరీ లీ జాన్సన్ అనే ఆయన సిటీ హాల్ ముందు జెండా తగలబెట్టాడు. ఏడాది జైలు, 2,000 డాలర్ల జరిమానా వేశారు. సుప్రీంకోర్టు 1989లో 5-4తో ఆ శిక్ష చెల్లదంది. ఆ ఐదుగురిలో కన్జర్వేటివ్ జడ్జి స్కాలియా కూడా ఉన్నారు. ఆ పని ఆయనకు పరమ అసహ్యం. అయినా రాజ్యాంగం ఒప్పుకోదని ఓటు అటే వేశారు. నచ్చని మాటకి కూడా రక్షణ ఉందంటే అర్థం ఇదే. కాంగ్రెస్ వెంటనే కొత్త చట్టం చేస్తే 1990లో దాన్నీ కొట్టేశారు. 2025 ఆగస్టులో వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వు కూడా ఆ తీర్పుల్ని రద్దు చేయలేదు, ఆ అధికారం ఉత్తర్వుకి ఉండదు.

మన దేశం మాటకొస్తే, కేరళలో జెహోవా సాక్షుల పిల్లలు ముగ్గురు జనగణమన పాడలేదని 1985లో స్కూలు నుంచి తీసేశారు. 1986లో మన సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. అమెరికా జెండా వందనం కేసుల్ని కూడా ఆయన అందులో చర్చించారు. మన సంప్రదాయం, మన తాత్వికత, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే చెబుతున్నాయని, దాన్ని పలచన చేయొద్దని రాసి ముగించారు. బడిలో మనం చెప్పిన ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞ రాసింది కూడా తెలుగువాడే, నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు, 1962లో. ప్రతిజ్ఞ విలువా, చెప్పనివాడి విలువా, రెండూ మనవాళ్లకు తెలుసు. మీ అత్తయ్యగారితో ఈ సంగతి మాట్లాడి చూడండమ్మా.

ఇంకో మాట. ఆ కేరళ పిల్లలు పాడలేదు గానీ గౌరవంగా లేచి నిలబడ్డారు. మీ అబ్బాయికి అది సమ్మతమైతే ఇంట్లో పెద్దవాళ్లకీ ఊరటగా ఉంటుంది. సమ్మతం కాకపోతే మాత్రం ఒత్తిడి చేయకండి.

జవాబు (న్యూజెర్సీ, ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర పారాలీగల్)

గ్రీన్‌కార్డు భయానికి జవాబు. మీ అబ్బాయి ప్లెడ్జ్ చెప్పాడా లేదా అని ఐ-485లో ఏ ప్రశ్నా లేదు. వాడు పౌరుడు, మీ అప్లికేషన్ మీది. అందులో అరెస్టుల గురించి అడుగుతారు, మీవి. కేసు కొట్టేసినా సరే రాయాలి. కాబట్టి మీరు జాగ్రత్తపడాల్సింది మీరు సొంతంగా ఎక్కడైనా నిరసనకు వెళ్తే. పర్మిట్ ఉన్న ర్యాలీకి వెళ్లండి, పేవ్‌మెంట్ మీదే ఉండండి, పోలీసులు చెదిరిపొమ్మంటే ఆ క్షణమే వచ్చేయండి. ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు), హెచ్-1బీ కాగితాలు దగ్గర ఉంచుకోండి. 18 ఏళ్లు దాటిన విదేశీయులు రిజిస్ట్రేషన్ రుజువు వెంట ఉంచుకోవాలన్నది చట్టమే.

ప్రశ్న (అట్లాంటా, ఎమ్మెస్ విద్యార్థి)

అక్కా, నేను ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నాను. క్యాంపస్‌లో నిరసనలకు వెళ్లొచ్చా? పోస్టులు పెట్టొచ్చా?

జవాబు (న్యూజెర్సీ పారాలీగల్)

తమ్ముడూ, నీ పరిస్థితి పైన అడిగిన ఫ్రిస్కో దంపతుల కంటే సున్నితం. ఇక్కడ ఉంటున్న విదేశీయులకు కూడా వాక్ స్వాతంత్ర్యం ఉందని సుప్రీంకోర్టు 1945లోనే చెప్పింది. కానీ వీసా రద్దు చేసే అధికారం ప్రభుత్వం చేతిలో ఉంది. 2025 మార్చిలో టఫ్ట్స్ యూనివర్సిటీలో చదువుతున్న టర్కీ అమ్మాయిని వీధిలో పట్టుకుని లూసియానా డిటెన్షన్ సెంటర్‌లో పెట్టారు. అంతకు ఏడాది ముందు కాలేజీ పత్రికలో గాజా విషయమై మరికొందరితో కలిసి ఒక వ్యాసం రాసిందామె. ఆరు వారాలకు పైగా లోపలుంది, మే నెలలో జడ్జి విడుదల చేయించారు. అదే ఏడాది సెప్టెంబరులో బోస్టన్ ఫెడరల్ జడ్జి, చట్టబద్ధంగా ఇక్కడున్న విదేశీయులకు పౌరులతో సమానంగా వాక్ స్వాతంత్ర్యం ఉందని తీర్పు ఇచ్చారు. చివరికి కోర్టు నీ వైపు నిలవచ్చు. ఆలోపు జైలు, చదువు పోవడం, లాయర్ ఖర్చు, ఇవి నువ్వు భరించాలి. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను, అయినా నీకు అబద్ధం చెప్పలేను.

2025 జూన్ నుంచి ఎఫ్ వీసాకి అప్లై చేసేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టాలి. వీసా అప్లికేషన్ ఫారం డీఎస్-160లో ఐదేళ్ల ఖాతాల పేర్లు ఇవ్వాలి. ఉన్న ఖాతా దాచి లేదని రాయడం పోస్టు కంటే పెద్ద సమస్య అవుతుంది. వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లే ముందు మీ కాలేజీ డీఎస్ఓతో (విదేశీ విద్యార్థుల సంగతి చూసే అధికారి) మాట్లాడు, వీలైతే లాయర్‌తో కూడా.

ఫ్రిస్కో తల్లి

అందరికీ చాలా థాంక్స్. ఈమెయిల్ పంపాను. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ లేఖ అందిందని, టీచర్‌తో మాట్లాడతామని రాశారు. చిన్నప్పరెడ్డి గారి తీర్పు గురించి అత్తయ్యకి చెప్పాను. ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు గానీ మనవడిని కూర్చోబెట్టుకుని ఆ ఫ్రెండ్ వాళ్ల నాన్న సంగతి అంతా అడిగారు. ఇంకో ప్రశ్న: శుక్రవారం పిల్లలంతా క్లాసుల నుంచి వాకౌట్ చేస్తారట, వీడూ వెళ్తానంటున్నాడు. దానికీ ఇదే హక్కు వర్తిస్తుందా?

జవాబు (అర్వింగ్ టీచర్)

లేదండీ, అది వేరు. 1965లో అయోవాలోని డెమోయిన్‌లో వియత్నాం యుద్ధానికి నిరసనగా పిల్లలు నల్ల బ్యాండ్లు కట్టుకొస్తే స్కూలు సస్పెండ్ చేసింది. చదువుకు గట్టిగా ఆటంకం కలగనంతవరకు అది వాళ్ల హక్కని 1969లో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాండ్, బ్యాడ్జి ఆ లెక్కలోకి వస్తాయి. క్లాసు వదిలి వెళ్లడం రాదు. అనుమతి లేని గైర్హాజరు వేయొచ్చు, మామూలుగా క్లాసు ఎగ్గొట్టినవాడికి ఏ శిక్ష వేస్తారో అది వేయొచ్చు. నిరసన కోసం వెళ్లాడని అంతకంటే ఎక్కువ వేస్తే మాత్రం అడగండి. ఆ రోజు టెస్టు ఉందేమో ముందే చూసుకోమనండి. స్కూలు అయ్యాక బయట పేవ్‌మెంట్ మీద ప్లకార్డు పట్టుకుని నిలబడితే స్కూలుకు అభ్యంతరం చెప్పే అవకాశం దాదాపు ఉండదు. వాడి స్నేహితులు టైమ్ మూడున్నరకి మార్చుకుంటారేమో అడిగి చూడమనండి.