సమస్యాపూరణం: ‘కాయ గాని కాయ కాసె చెట్టు’

మద్దిలపాలెం మాస్టారు (నిర్వహణ):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు కట్టాలి. వస్తువు ఓక్ చెట్టు, అందులోనూ పొట్టి రకాలు. మన దేశంలో ఓక్‌లు హిమాలయాల్లోనూ, ఈశాన్య కొండల్లోనూ ఉన్నాయి. తూర్పు కనుమల్లో సహజంగా పెరిగేది ఒక్కటీ లేదు. చూడని చెట్టు మీద పద్యం ఎలా కడతారో చూద్దామనే ఇచ్చాను.

అరకు రైలు:
లేదంటారేటి మాస్టారూ, కాఫీ తోటల నిండా అవేగా!

అరకు తోటలందు హాయిగా నిలుచున్న
సిల్వరోకు మీద చిట్టి తీగ
మిరియములను గాయ మెచ్చిరి చూపరుల్
కాయ గాని కాయ కాసె చెట్టు

మాస్టారు:
నడక బాగుంది. ‘మిరియములను గాయ’ చెవికి ఇంపుగా ఉంది. కానీ రెండు చిక్కులు. మిరియం కాయే కదా? ‘తనది గాని కాయ’ అయితే మీ భావం సరిపోయేది, సమస్య ‘కాయ గాని కాయ’ అంటోంది. రెండోది, సిల్వర్ ఓక్ అసలు ఓకే కాదు. ఆస్ట్రేలియా నుంచి తెచ్చి కాఫీకి నీడ కోసం నాటిన చెట్టు, కుటుంబమే వేరు. చెక్క మీది చారలు ఓక్‌ను పోలి ఉంటాయని ఆ పేరు. అసలు ఓక్‌కు గుర్తు కాయ: గిన్నెలాంటి తొడుగులో కూర్చున్న గింజ.

అరకు రైలు:
ఇన్నాళ్ళూ చుట్టాలందరికీ ఓక్ అనే చూపించాను. పరువు పోయింది.

భీమిలి తాత:
మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. అక్కడ పడమటి వైపు ఇసుక నేలల్లో హావర్డ్ ఓక్ అని ఒకటుంది, చాలాచోట్ల మీటరు ఎత్తు కూడా ఉండదు. చెట్టులో ఎక్కువ భాగం నేలలోపలే పాకి, పైకి పొదలా కనిపిస్తుంది. ఓక్లహోమా, న్యూ మెక్సికోల్లోనూ ఉందట.

ఇసుక నేలలోన నెదుగక మోకాలి
యెత్తు నాగిపోయె నిట్టి యోకు
టోపి పెట్టుకొన్న బుడతని చందాన
కాయ గాని కాయ కాసె చెట్టు

మాస్టారు:
తాతగారూ, టోపీ పోలిక ముచ్చటగా ఉంది. మూడో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) తప్పింది: ‘టో’కు ‘బు’ చెల్లదు. ‘బుడతని’ తీసి ‘పాపడి’ అంటే టోపి–పాప అని రెండో అక్షరాలు కలిసి ప్రాసయతి కుదురుతుంది. ఆకు గురించి ఒక ముక్క ఉంటే ఇంకా బాగుండేది. ఎర్ర ఓక్ వర్గంలో ఆకు తమ్మెల కొసన వెంట్రుకలాంటి మొన ఉంటుంది, తెల్ల ఓక్ వర్గంలో ఉండదు. మీది తెల్ల వర్గం. అయితే ఒకే వర్గంలోని జాతులు ఒకదానితో ఒకటి సంకరమైపోతాయి, ఆకొక్కటే చూసి తేల్చేస్తే పప్పులో కాలేసినట్టే.

పూర్ణా మార్కెట్ పిల్ల:
బాలింతలకీ, పసిపిల్లలకీ పచారీ కొట్లో కొనే మాచికాయ ఏ చెట్టుదో ఎవరికైనా తట్టిందా?

సిరియ దేశమందు చిన్నదౌ యోకుపై
కందిరీగ పొడిచి కదలి పోయె
గుడ్డు చుట్టు కొమ్మ గుండ్రమై వాచెను
కాయ గాని కాయ కాసె చెట్టు

మాస్టారు:
ఇదీ పూరణ! సమస్యలో ఉన్న ‘గాని’కి మొదటిసారి న్యాయం జరిగింది. అది కాయ కాదు, కందిరీగ గుడ్డు పెట్టడంతో కొమ్మకొచ్చిన బుడిపె. ఆ పొట్టి ఓక్ గ్రీసు, టర్కీ నుంచి ఇరాన్ దాకా పెరుగుతుంది. మాచికాయనూ అన్నభేదినీ (ఒక ఇనుప లవణం) కలిపితే నల్ల సిరా. ఇక ‘దౌ యోకు’లో ఇంగ్లీషు మాటకు యడాగమం ఏమిటని ఎవరైనా దెబ్బలాడితే, నేను మీ పక్షం.

భీమిలి తాత:
నేను దెబ్బలాడతాను. ‘పొడిచి’ అంటే కుట్టిందనే అనుకుంటారు. గుడ్డు పెట్టిందని మూడో పాదం దాకా తెలీదు.

పూర్ణా మార్కెట్ పిల్ల:
తాతగారూ, ఆ కాస్త ఆగడం కావాలనే పెట్టాను. ఇందాకే కొట్టుకెళ్ళి మూడు కాయలు కొన్నాను. రెండింటికి సూది బెజ్జం ఉంది, అంటే పురుగు ఎగిరిపోయింది. మూడోది గట్టిగా, బరువుగా ఉంది, బెజ్జం లేదు. ఒగరు ఎక్కువుండేది దీనిలోనే.

అరకు రైలు:
అయితే మూడోదాంట్లో కందిరీగ ఇంకా ఉన్నట్టా?

పూర్ణా మార్కెట్ పిల్ల:
కొట్టి చూడ్డానికి రోలు కడుగుతున్నాను.