అప్‌డేట్: పార్క్ నుంచి తీసేటప్పుడు వచ్చే "ధడ్" ఎక్కడిదో తేలింది

ముందు అడిగింది ఇదీ: టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే రకం) ఆటోమేటిక్ కారు. సెల్లార్ ర్యాంపు మీద పి (పార్క్) నుంచి ఆర్‌కి (రివర్స్) వేస్తే ధడ్‌మని కొట్టి బండంతా ఊగుతోంది, గేర్‌బాక్స్ విప్పాలా అని. అక్కర్లేదు.

అవి రెండు వేర్వేరు శబ్దాలు. లివర్ పి నుంచి కదలగానే వచ్చేది పార్కింగ్ పాల్‌ది. అదొక చిన్న ఉక్కు కొక్కెం, గేర్‌బాక్స్ లోపలి పళ్ల చక్రంలో ఇరుక్కుని బండి కదలకుండా పట్టుకుంటుంది. వాలులో బండి బరువంతా దానిమీదే ఆనితే, పళ్ల సందులోంచి బిగుసుకుని ఊడొస్తుంది. అందుకే ఆపేటప్పుడు ఫుట్‌బ్రేక్ తొక్కి న్యూట్రల్ వేయాలి, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగాలి, ఫుట్‌బ్రేక్ మెల్లగా వదలాలి. బండి కుదురుకున్నాక మళ్లీ తొక్కి పి. తీసేటప్పుడు ఫుట్‌బ్రేక్ తొక్కే ఉంచి, గేరు మారాకే హ్యాండ్‌బ్రేక్ దించాలి. వరస తప్పితే బరువు మళ్లీ పాల్ మీదికే వస్తుంది.

రెండోది చదును నేల మీద, న్యూట్రల్ నుంచి ఆర్‌కి వేసినా వచ్చింది. బానెట్ ఎత్తి, ఒకరు బ్రేక్ గట్టిగా తొక్కి ఆర్, డి (డ్రైవ్) మారుస్తుంటే పక్కనుంచి చూడాలి (బండికి ముందూ వెనకా ఎవరూ నిలబడొద్దు). ఇంజిన్ ఎగిరిపడింది. ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే మౌంట్‌లో రబ్బరు ఇనుము నుంచి విడిపోయి వేలు దూరేంత చీలిక ఉంది. మౌంట్ మార్చాక ఆ దెబ్బ పోయింది.

గేర్ ఆయిల్ ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు, అందుకే ముట్టుకోలేదు. చల్లటి ఇంజిన్‌కి ఐడిల్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి స్టార్ట్ చేశాక ఆర్‌పీఎం (ఇంజిన్ వేగం) సూది దిగేదాకా ఆగి గేరు వేస్తే, మిగిలిన చిన్న కుదుపూ లేదు.