కస్టమర్ లేనప్పుడు సేల్స్ వాళ్లు కూర్చుంటే తప్పా?

చీరల కౌంటర్, ద్వారకానగర్:
నేను విశాఖలో ఒక పెద్ద బట్టల షోరూంలో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. పొద్దున్న తొమ్మిదిన్నరకి లోపలుండాలి, బయటపడేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. భోజనానికి అరగంట, మిగతాదంతా నిలబడే. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఫ్లోర్ మీద పురుగు కూడా ఉండదు. అయినా నిలబడాలి.

మా కౌంటర్ వెనక ఒక స్టూలుంది. పై అరలో పట్టుచీరలు తీయడానికి దానిమీద ఎక్కుతాం. రోజుకి ముప్పైసార్లు ఎక్కి దిగే ఆ స్టూలుమీద కూర్చోడానికి మాత్రం వీల్లేదు. మొన్న పిక్కలు పట్టేసి రెండు నిమిషాలు కూర్చున్నాను. సీసీ కెమెరాలో చూసి మేనేజర్ గారు పిలిపించారు. "కస్టమర్ చూస్తే షాపు డల్‌గా ఉందనుకుంటారు" అన్నారు.

రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మధురవాడ బస్సెక్కితే అక్కడా సీటుండదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి టికెట్ డబ్బుల్లేవు కాబట్టి డబ్బులు మిగులుతున్నాయి, అది నిజంగా మేలే. కానీ కాళ్లకి ఆ అరగంట కూడా దొరకట్లేదు.

కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం సవరించి, షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలన్నారు. మనకెందుకు వద్దు?

రెడీమేడ్ షాపు ఓనర్, డాబాగార్డెన్స్:
అమ్మా, మీ బాధ తెలియనివాణ్ని కాదు. నేనూ జగదాంబ దగ్గర పదేళ్లు సేల్స్‌లో చేసి సొంత షాపు పెట్టుకున్నవాణ్నే. నా దగ్గర ఆరుగురు చేస్తారు. ఒకసారి కూర్చోనిచ్చి చూశాను కూడా. కూర్చున్నాక చేతిలోకి ఫోన్ వచ్చేస్తుంది. ఒకావిడ నైటీల దగ్గర చాలాసేపు నిలబడి, ఎవరూ పలకరించక వెళ్లిపోయారు. నా కళ్లారా చూశాను. అద్దె, కరెంటు, పైన ఆన్‌లైన్ దెబ్బ. ఆషాఢం డిస్కౌంట్లలో మాకు మిగిలేది చాలా తక్కువ. గుమ్మంలోకి వచ్చిన ఒక్క మనిషిని పోగొట్టుకున్నా ఆ రోజుకి తేడా తెలుస్తుంది.

స్టాఫ్ నర్స్, మహారాణిపేట:
కాళ్లలోంచి రక్తం పైకి ఎక్కాలంటే పిక్క కండరాలు కదలాలి. నడిస్తే అవి కదులుతాయి. ఒకేచోట గంటలకొద్దీ నిలబడితే రక్తం కిందే ఉండిపోతుంది, పాదాలు వాస్తాయి. ఏళ్ల తరబడి ఇలాగే ఉంటే వెరికోస్ వెయిన్స్ (కాళ్లలో రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరగడం) వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాగని రోజంతా కూర్చోవడమూ మంచిది కాదు. కాసేపు నడక, కాసేపు కూర్చోవడం, ఇలా మార్చుకుంటూ ఉండాలి. మేమూ డ్యూటీలో నిలబడతాం, కానీ వార్డంతా తిరుగుతాం, కేస్‌షీట్ రాసేటప్పుడు కూర్చుంటాం. చెల్లీ, రాత్రి పడుకునేటప్పుడు కాళ్లకింద దిండు పెట్టుకో.

బిల్లింగ్, గాజువాక:
నేను సూపర్ మార్కెట్‌లో చేస్తాను. అక్కా, ఏమీ అనుకోకు, నేను ఒప్పుకోను. కుర్చీ కంటే ముందు గంటల సంగతి తేలాలి. 1988 షాపుల చట్టం ప్రకారం వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ కట్టాలి. నేను రోజుకి పన్నెండు గంటల లెక్కన ఆరు రోజులు ఉంటున్నాను. ఓటీ అన్న మాటే లేదు. రేపు ఒక ప్లాస్టిక్ కుర్చీ పడేసి "అడిగింది ఇచ్చాం కదా" అంటే ఏం చేస్తాం?

రిటైర్డ్ టీచర్, పాత పోస్టాఫీసు:
మా నాన్నగారు కురుపాం మార్కెట్ దగ్గర బట్టల కొట్లో గుమాస్తా. కొట్టు నిండా పరుపులు, వాటిమీద తెల్ల దుప్పట్లు. చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి వెళ్లాలి. నాన్నగారు మఠం వేసుకుని కూర్చునే చీర మడత విసిరితే, అంచు సరిగ్గా వచ్చి ఎదుటి మనిషి మోకాళ్ల ముందు పడేది. కొన్నవాళ్లూ కూర్చునేవారు, అమ్మినవాళ్లూ కూర్చునేవారు. గుమాస్తా లేవలేదని బేరం వదిలి వెళ్లినవాళ్లని నేను చూడలేదు. అద్దాల కౌంటర్లు వచ్చాకే ఈ నిలబెట్టడం మొదలైంది. ఓనర్ గారూ, నిలబడి పలకరించేవాళ్లు లేకపోతే కస్టమర్ వెళ్లిపోతారంటున్నారు. ఆ అలవాటు చేసింది షాపులే.

కొనేమనిషి, ఎంవీపీ కాలనీ:
ముగ్గురు నిలబడి నన్నే చూస్తుంటే నాకు టెన్షన్. కొనకుండా వెళ్లాలంటే మొహమాటం. కూర్చుని ఉంటే, కావలసింది నేనే పిలిచి అడుగుతాను.

చీరల కౌంటర్, ద్వారకానగర్:
తమ్ముడూ, గంటల మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ గంటల గురించి అడగాలంటే నలుగురం కలవాలి. మా ఫ్లోర్‌లో అందరికీ ఒకేలా నొప్పి పుట్టేది కాళ్లే. కేరళలోని కోళికోడ్‌లో ఆడవాళ్లు ఎలా మొదలుపెట్టారో చూడు. వాళ్లని కూడగట్టిన విజి గారు టైలర్. షాపుల్లో పనిచేసే ఆడవాళ్లకి బాత్రూం లేదన్న గొడవతో మొదలుపెట్టి, కూర్చునే హక్కుదాకా వెళ్లారు. బాత్రూం ఇచ్చారని ఆగిపోలేదు కదా.

ఓనర్ అన్నయ్యా, ఆ నైటీల ఆవిడ వెళ్లిపోయింది ఫోన్ వల్ల, స్టూలు వల్ల కాదు. మా షోరూంలో ఫోన్లు పొద్దున్నే లాకర్లో పెట్టించుకుంటారు, దానికి మేం ఏనాడూ అడ్డు చెప్పలేదు. పెళ్లిళ్ల సీజన్‌లో ఎలాగూ కూర్చోలేం. ఒక్క ఫ్యామిలీ వస్తే అరవై చీరలు తీయిస్తారు, వాళ్లు వెళ్లాక అవన్నీ మళ్లీ పాత మడతలోనే పెట్టాలి. ఆ మడతలు పెట్టేటప్పుడైనా కూర్చోనివ్వండి అంటున్నాను. ఆ పనికి నిలబడక్కర్లేదు. చేతులుంటే చాలు.

రెడీమేడ్ షాపు ఓనర్, డాబాగార్డెన్స్:
మడతల మాట నాకు తట్టలేదమ్మా. మా షర్టులకీ అదే పని. రెండు స్టూళ్లు వేసి శ్రావణం దాకా చూస్తాను. ఫోన్లు మాత్రం లోపలే. ఆదివారం సాయంత్రం రద్దీలో స్టూళ్లు తీసేస్తాను, అందులో మార్పు లేదు.

చీరల కౌంటర్, ద్వారకానగర్:
ఆరుగురికి రెండు చాలవన్నయ్యా. మూడు వేయండి.