తొమ్మిది నెలల పాపకి ఊపిరితిత్తి ఆపరేషన్: ఒక్క ఊపిరితిత్తితోనే మత్తులో ఎలా ఉంచుతారు?

పాప నాన్న, ఖమ్మం:
నమస్కారం అండీ. మా పాపకి తొమ్మిది నెలలు, 8 కిలోలు ఉంది. కడుపులో ఉండగా ఐదో నెల స్కానింగ్‌లోనే కుడి ఊపిరితిత్తి కింది భాగంలో నీటి బుడగల్లాంటివి ఉన్నాయన్నారు, పుట్టాక సీటీ తీసి సీపామ్ (ఊపిరితిత్తిలో పుట్టుకతోనే వచ్చే లోపం) అని తేల్చారు. పాప హాయిగా ఆడుకుంటోంది, కానీ వదిలేస్తే ఇన్ఫెక్షన్లు వస్తాయి, తీసేయడమే మంచిదన్నారు. వచ్చే మంగళవారం హైదరాబాద్‌లో ఆపరేషన్, చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేస్తారట. సర్జన్ గారు బాగా వివరించారు. మత్తు డాక్టర్ గారు మాత్రం "కుడి ఊపిరితిత్తిని ఆపి ఎడమదానితో నడిపిస్తాం" అని చెప్పి వేరే కేసుకి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆపింది మళ్ళీ పనిచేస్తుందా? ఇంత చిన్న వయసులో మత్తు ఇస్తే మెదడుకి ఏమైనా అవుతుందా? ఇంకోటి, ఆపరేషన్ ముందు పాలు ఆపాలంటే మా అమ్మ ఒప్పుకోవడం లేదు, పసిదాన్ని పస్తు పెడతారా అంటోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

మత్తు డాక్టర్, విశాఖ:
నేను పిల్లల కేసులే ఎక్కువ చూస్తాను. మీ పాపని నేను చూడలేదు కాబట్టి మామూలుగా మేం చేసేది చెబుతాను, మిగతాది అక్కడి డాక్టర్ గారిని ఇంకోసారి కూర్చోబెట్టి అడగండి, అది మీ హక్కు.

"ఆపడం" అనే మాటే మిమ్మల్ని భయపెట్టింది. ఆపేది గాలిని మాత్రమే. ఆ ఊపిరితిత్తి గాలి తీసిన బెలూన్‌లా ముడుచుకుంటుంది, దానికి రక్తం అందుతూనే ఉంటుంది. సర్జన్‌కి చోటు దొరుకుతుంది, పని అయ్యాక గాలి నింపి అది విచ్చుకోవడం కెమెరాలో చూశాకే మూసేస్తారు.

పెద్దవాళ్ళకైతే రెండు దారులున్న గొట్టం వేస్తాం. అందులో అతి చిన్న సైజు కూడా ఎనిమిదేళ్ళ పిల్లలకి గానీ పట్టదు. మీ పాప గాలిగొట్టంలో 3.5 మిల్లీమీటర్ల ట్యూబ్ పడుతుంది, అంతే. అందుకని కొసన బుడగ ఉన్న సన్నటి బ్లాకర్‌ని ట్యూబ్ పక్కనుంచి కుడి శ్వాసనాళంలోకి పంపి బుడగ నింపుతాం, లేదంటే ట్యూబ్‌నే ఎడమవైపుకి దింపుతాం. ఏది చేసినా కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో (స్కోప్) లోపల చూసుకుంటాం, ఎందుకంటే పాపని పక్కకి తిప్పేటప్పుడు అర సెంటీమీటరు జరిగినా కథ మారిపోతుంది. చాలామంది పసిపిల్లలకి ఇవేవీ లేకుండా, ఛాతీలోకి తక్కువ ఒత్తిడితో మెల్లగా కార్బన్ డయాక్సైడ్ పంపిస్తేనే కావలసినంత ముడుచుకుంటుంది.

అసలు కష్టం ఇంకొకచోట ఉంది. పెద్దవాళ్ళని పక్కకి పడుకోబెట్టినప్పుడు కిందవైపు ఉన్న మంచి ఊపిరితిత్తికే రక్తం ఎక్కువగా దిగుతుంది, అది వాళ్ళకి మేలు. పసిపిల్లల ఒళ్ళు చిన్నది, ఆ తేడా అంతగా రాదు, పైగా పక్కటెముకలు మెత్తగా ఉంటాయి గనక కింది ఊపిరితిత్తి నలిగి అందులోని చిన్న దారులు మూసుకుపోతుంటాయి. అంటే మనం నమ్ముకున్న ఆ ఒక్కటీ సగం ఇబ్బందిలోనే పనిచేస్తుంది. ఆక్సిజన్ ఖర్చు చూస్తే కిలోకి నిమిషానికి 6 నుంచి 8 మిల్లీలీటర్లు, పెద్దవాళ్ళకి దాదాపు 3. అందుకే ఆక్సిజన్ అంకె పడిందంటే సెకన్లలో పడుతుంది. అప్పుడు మేం సర్జన్‌తో "ఆపండి" అంటాం, రెండు ఊపిరితిత్తులకీ గాలి ఇస్తాం, అంకె పైకొచ్చాక మళ్ళీ మొదలుపెడతారు. ఒక కేసులో ఇలా మూడు నాలుగు సార్లు ఆగడం మాకు మామూలే, దానికి ఎవరూ నొచ్చుకోరు. కార్బన్ డయాక్సైడ్ కొంత పెరగనిస్తాం, ఆక్సిజన్ విషయంలో మాత్రం రాజీ పడం.

మెదడు గురించి. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మూడేళ్ళ లోపు పిల్లలకి మూడు గంటలు దాటిన మత్తు గానీ పదేపదే మత్తు గానీ ఇచ్చేటప్పుడు ఆలోచించమని హెచ్చరిక ఇచ్చింది. 2019లో వచ్చిన గ్యాస్ అనే అధ్యయనంలో పసితనంలో గంటలోపు మత్తు తీసుకున్న పిల్లల్ని ఐదేళ్ళప్పుడు పరీక్షిస్తే, మెలకువగానే నడుముకి మత్తు ఇచ్చిన పిల్లలతో తేడా కనిపించలేదు. మీ పాప ఆపరేషన్ గంట దాటుతుంది కాబట్టి ఆ ఫలితాన్ని తీసుకొచ్చి మీకు పూర్తి హామీ ఇవ్వను. కానీ అవసరమైన ఆపరేషన్‌ని ఈ భయంతో మానుకోమని నేను ఏ తల్లిదండ్రులకీ చెప్పను. ఆ రోజు మెదడుకి ఆక్సిజన్, బీపీ, షుగర్, ఒంటి వేడి సరిగ్గా ఉంచడం మా చేతిలో ఉన్న పని.

పాలు: పోతపాలు, ఉగ్గు ఆరు గంటల ముందు ఆపాలి. తల్లిపాలు నాలుగు గంటల వరకు పట్టొచ్చు, మంచినీళ్ళు రెండు గంటల వరకు, కొన్ని ఆసుపత్రుల్లో గంట వరకు కూడా ఒప్పుకుంటున్నారు. మీ అమ్మగారికి చెప్పండి, కడుపులో పాలుంటే మత్తులో అవి పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అందుకోసమే ఇదంతా. వాళ్ళిచ్చిన టైముకి అలారం పెట్టుకుని లేపి పట్టండి, ఎక్కువసేపు ఉట్టికడుపుతో ఉంచడం కూడా మంచిది కాదు.

గుంటూరు అమ్మ:
అన్నా, నేను చేసిన తప్పు మీరు చేయకండి. మా బాబుకి ఏడాదిన్నర, ఛాతీలో చీము పట్టి ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలలకి ఇంకో చిన్న ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు. నాలుగు రోజుల ముందు జలుబు, దగ్గు. చెబితే వాయిదా వేస్తారని, మా ఆయనకి మళ్ళీ సెలవు దొరకదని చెప్పలేదు. మత్తు ఇస్తుండగా గొంతు బిగుసుకుపోయి బాబు నీలంగా అయిపోయాడట, వెంటనే మందులిచ్చి దారిలోకి తెచ్చారు, ఆపరేషన్ ఆపేశారు. డాక్టర్ గారు నన్ను ఒక్క మాట అనలేదు, జలుబు ఎప్పటి నుంచమ్మా అని మాత్రం అడిగారు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

అనస్థీషియా పీజీ:
సర్, అడగొచ్చో లేదో, ఇదే విషయం కాబట్టి అడుగుతున్నా. సీపామ్ కాకుండా లోబార్ ఎంఫిసీమా (ఊపిరితిత్తిలో ఒక భాగం గాలితో ఉబ్బిపోయే జబ్బు) అయితే, రెండు నెలల బాబుకి, మొదలుపెట్టడం కూడా ఇలాగేనా?

మత్తు డాక్టర్, విశాఖ:
కాదు తమ్ముడూ, అక్కడ మొదటి పది నిమిషాలే ప్రమాదం. ఆ భాగంలోకి గాలి వెళుతుంది గానీ బయటికి రాదు. ఊపిరి అందించే బ్యాగ్‌ని నువ్వు గట్టిగా నొక్కావంటే అది ఉబ్బిపోయి గుండెని పక్కకి నెట్టేస్తుంది, బీపీ పడిపోతుంది. నైట్రస్ అనే మత్తు గ్యాస్ జోలికి వెళ్ళకు. పీల్చే మత్తుమందు సెవోఫ్లూరేన్‌తో మెల్లగా, బాబు తన ఊపిరి తాను తీసుకుంటుండగా ట్యూబ్ వేయి, ఛాతీ తెరిచేదాకా వీలైనంత అలాగే నడుపు, సాయం చేయాల్సి వస్తే తక్కువ ఒత్తిడితో చేయి. సర్జన్ చేతులు కడుక్కుని గౌను వేసుకుని పక్కన నిలబడితే తప్ప మాస్క్ పెట్టకు.

పాప నాన్న గారూ, ఒకటి మరిచాను. నొప్పికి ఏం ఇస్తారో అడగండి. పాప నిద్రపోయాక వెన్ను పక్కన ఇచ్చే బ్లాక్ (నొప్పి తెలియకుండా చేసే ఇంజెక్షన్) చాలా పనిచేస్తుంది. నొప్పి ఉంటే పిల్లలు నిండుగా ఊపిరి తీసుకోరు, కఫం పేరుకుంటుంది. పిల్లల ఐసీయూలో బెడ్ ఖాయమైందో లేదో కూడా అడగండి. గుంటూరు అమ్మగారూ, దాచకుండా ఇక్కడ రాశారు, అది చాలామందికి పనికొస్తుంది.

పాప నాన్న, ఖమ్మం:
డాక్టర్ గారూ, ఇంత ఓపికగా రాసినందుకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. అక్కా, మీ మాట చదివాక చెప్పకుండా ఉండలేకపోతున్నా, నిన్నటి నుంచి పాపకి ముక్కు కారుతోంది. జ్వరం లేదు, పాలు బాగానే తాగుతోంది. పళ్ళు వస్తున్నాయి కదా అనుకుని ఊరుకున్నాం. ఇది కూడా చెప్పాలా?

మత్తు డాక్టర్, విశాఖ:
చెప్పాలి. పొద్దున్నే ఫోన్ చేయండి, మంగళవారం దాకా ఆగొద్దు. నీళ్ళలా కారుతోందా చిక్కగా ఉందా, దగ్గు ఉందా, రాత్రి ఊపిరిలో గురగుర వినిపిస్తోందా, ఈ మూడూ చూసి చెప్పండి. ఊపిరితిత్తి ఆపరేషన్ కాబట్టి రెండు నుంచి నాలుగు వారాలు ఆగమనే అవకాశం ఉంది, పాప బాగానే ఉంది గనక ఆ ఆలస్యం వల్ల వచ్చే నష్టం తక్కువ. రాత్రి ఒకసారి చెవి ఛాతీకి ఆనించి వినండి.